ఘూర్ణుడు నిలబడి నీళ్ళు తాగాడు

పటమట,
ఆదివారం.

నా బిడ్డ ఇష్తియాక్‌కు,

అమ్మీ సలాములు, దువాలు. అల్లా దయవల్ల ఇక్కడ నేను, మీ అబ్బా, జుబియా ముగ్గురం బాగానే ఉన్నాం. నువ్వు కూడా బాగానే ఉన్నావని నీ ఉత్తరంలో రెండుసార్లు రాశావు. ఒకసారి రాసి ఉంటే నమ్మేదాన్ని.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్పి, తర్వాత నా సంగతులకు వస్తాను. మీ అబ్బాకు షుగరు అదుపులోనే ఉంది. ఆటోనగర్‌లో పనికి కొదవ లేదు. లారీవాళ్ళు సీట్ల కవర్లు కుట్టించుకోవడానికి వస్తూనే ఉన్నారు. షాపు అద్దం మీద, సీరియల్లో గుడ్లగూబ మాస్కు వేసుకునే నీ ఘూర్ణుడి బొమ్మ అంటించుకున్నారని పోయినసారి రాశాను కదా, ఇప్పుడు దాని కింద 'ఇందులో ఉన్నది మా అబ్బాయే' అని పెయింటర్ చేత రాయించారు. గుడ్లగూబ మొహానికి బాణం గుర్తు కూడా పెట్టించారు. చూసినవాళ్ళు నవ్వుతుంటే ఆయన కూడా నవ్వుతున్నారు. జుబియా బ్యాంకు పరీక్షలకు చదువుతోంది, అంటే పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఫోను చూస్తోంది. ఉయ్యూరు నుంచి మీ తారిక్ మామ కొత్త బెల్లం పంపాడు. నీ వంతు డబ్బాలో దాచాను.

ఇక కింద వాటా గురించి అడిగావు. ఖాళీగానే ఉంది. అందులో ఉన్న మాస్టారు బదిలీ అయి వెళ్ళిపోయాక పద్మావతమ్మగారు ఇంకా ఎవరికీ అద్దెకు ఇవ్వలేదు. మన మేడ మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ పెట్టించారా అన్నావు. లేదు. కింద వాటాలో కుర్చీలా కూర్చునే లెట్రిన్ ఉందా అన్నావు. ఉంది. నీ గదిలో ఉండే డేనియల్ వాళ్ళ పెద్దమ్మ వైద్యం కోసం విజయవాడ వచ్చి కొన్నాళ్ళు ఉంటుందని, ఆవిడ కోసమే అడుగుతున్నానని రాశావు. ఎవరి పెద్దమ్మ కోసమో ఇంత ఆరా తీశావంటే మంచిదే. మన ఇంట్లో బల్బు మార్చమంటే మాత్రం వారమంతా తప్పించుకు తిరిగేవాడివి.

మన వీధిలో మీ 'నీలిరాతి కోట' సీరియల్ చూడని ఇల్లు లేదు. పొరుగు రాజ్యం రాకుమారుడి కోసం చూసేవాళ్ళు కొందరు, మంత్రగత్తె కట్టే చీరల కోసం చూసేవాళ్ళు కొందరు. పిల్లలకు మాత్రం ఘూర్ణుడే కావాలి. మూడో ద్వారం దగ్గర తాళంచెవుల గుత్తి పట్టుకుని, ఉలుకూ పలుకూ లేకుండా నిలబడే కాపలావాడికి ఇంత గిరాకీ ఉంటుందని మీ కంపెనీవాళ్ళు కూడా అనుకుని ఉండరు. ఈమధ్య కథలో ఎవరో శత్రువులకు ఆ ద్వారం తెరిచారు. అనుమానం ఘూర్ణుడి మీద పడింది. పద్మావతమ్మగారు మెట్ల దగ్గర నన్ను ఆపి మరీ అడిగింది.

"ఏవండీ మెహబూబ్ బీ గారూ, మీవాడే గేటు తీశాడంట కదా? మా ఇంట్లో అందరూ అదే అంటున్నారు."

"మావాడు తియ్యలేదండీ. వాడికి అబద్ధం ఆడటం రాదు," అన్నాను.

"నేనంటుంది సీరియల్లో సంగతండీ," అని ఆవిడ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. నేను ఏ సంగతి గురించి మాట్లాడానో నాకే తెలియలేదు.

పామర్రులో తన కూతురు ఫౌజియా నిఖాకు నువ్వు రానందుకు మీ పెద్దమ్మ ఇంకా అలిగే ఉంది. షూటింగువాళ్ళు వదలడం లేదని నేను సర్దిచెప్పబోయాను. "మొహం కనపడని వేషానికి కూడా సెలవియ్యరా అక్కడ? ఆ మాస్కు ఒక్కపూట ఇంకెవరికన్నా తగిలిస్తే సరిపోయేది కదే," అంది. అందరూ నవ్వారు. ఆ మాట మాత్రం నాతోపాటే బస్సెక్కి పటమట దాకా వచ్చింది.

ఉత్తరాల సంగతి కూడా చెప్పనీ. సెట్‌లో ఫోన్లు తీసేసుకుంటున్నారని, గదికి వచ్చేసరికి నిద్ర ముంచుకొస్తోందని, హాస్టల్లో ఉన్నప్పటిలా ఉత్తరాలు రాస్తానని అన్నావు. ఈ కాలంలో ఉత్తరం రాసే కొడుకు ఎవరికున్నాడని మురిసిపోయాను. నీ కవరు పట్టుకెళ్ళి పక్కింటివాళ్ళకు కూడా చూపించాను. మురిపెం తీరాక బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఫోను చేస్తే రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తావు. వీడియోలో ఒకసారి కనపడరా అంటే నెట్ లేదంటావు. ఉయ్యూరులో చెరకు తోట మధ్య నిలబడి మీ తారిక్ మామ వీడియో కాల్ చేస్తున్నాడు, హైదరాబాదులో నీకు నెట్ లేదట. ఉత్తరంలో అయితే మనిషి కనపడడు. అందుకే రాస్తున్నావని అప్పుడు తట్టింది.

ఒకరోజు పట్టపగలు ఫోను చేస్తే డేనియల్ ఎత్తాడు.

"ఆంటీ, వాడు షూటింగ్‌కి వెళ్ళాడు. ఫోను రూమ్‌లో మర్చిపోయాడు."

"మర్చిపోయాడా? సెట్‌లో తీసేసుకుంటారన్నాడే?"

"అంటే... తీసేసుకుంటారు కదా అని ఇక్కడే పెట్టి వెళ్ళాడాంటీ."

వాడు మాట్లాడుతుండగానే వెనక నుంచి ఎవరో దగ్గారు. ఆ దగ్గు నాకు తెలుసు. అది తగ్గడానికి ఆ ఛాతీకి నేను రుద్దినన్ని మందులు ఎవరూ రుద్ది ఉండరు. సరేలే నాయనా అని పెట్టేశాను.

మొదట్లో వచ్చిన ఎపిసోడ్‌లో ఘూర్ణుడు కుండలో నీళ్ళు ముంచుకుని తాగుతాడు. డైరెక్టరు నిలబడి తాగమన్నాడని, నువ్వు అలవాటుకొద్దీ కోట మెట్టు మీద కూర్చుని, కుడిచేత్తో, మూడు గుక్కల్లో తాగావని, అది ఆయనకు తెగ నచ్చి కాపలావాడు ఎప్పుడూ ఇలాగే తాగాలి అన్నాడని నువ్వే చెప్పావు. చిన్నప్పుడు నువ్వు నిలబడి నీళ్ళు తాగితే గ్లాసు లాక్కునేదాన్ని. గుడ్లగూబ మాస్కు వేసినా నా పెంపకం దాగలేదని ఆ రోజు ఎంత మిడిసిపడ్డానో జుబియాను అడుగు. ఆ తర్వాత కూడా ఘూర్ణుడు ఎప్పుడు దాహం వేసినా కూర్చునే తాగాడు.

వానలు తగ్గాక వచ్చిన ఒక ఎపిసోడ్‌లో ఘూర్ణుడు నిలబడి నీళ్ళు తాగాడు. ఎడమచేత్తో ఎత్తి గటగటా తాగి, చెంబు పక్కన గిరాటు వేశాడు.

"మనోడు చూడు, ఎంత కోపంగా తాగుతున్నాడో. యాక్షన్ అంటే అదీ," అన్నారు మీ అబ్బా.

నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. డైరెక్టరు చెప్పి ఉంటాడులే అనుకున్నాను. ఇన్నాళ్ళూ కూర్చోమన్నవాడు ఇప్పుడు ఎందుకు నిలబడమంటాడు అని కూడా అనుకున్నాను. మర్నాడు జుబియా ఫోనులో ఆ ముక్క మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూశాను. "ఏంటమ్మీ, నీళ్ళు తాగడం కూడా చూస్తావా?" అని విసుక్కుంది. చూసినకొద్దీ ఆ మాస్కు వెనక ఉన్నది నా బిడ్డ కాదనిపించింది. ఈకల అంగరఖా అదే, తాళంచెవులు అవే, నడిచేవాడు మాత్రం ఎవరో పరాయివాడు. వాడెవడో తెలుసుకోవాలని నాకు లేదు. వాడు నీ వేషంలో ఉంటే నువ్వెక్కడున్నావని భయం పట్టుకుంది.

ఇప్పుడు నీతో ఒకటి ఒప్పుకోవాలి. చదివాక కోపం వస్తే తెచ్చుకో, ఫరవాలేదు. ఘూర్ణుడు రాణిగారి చంటిబిడ్డను భుజానికెత్తుకుని వాగు దాటే సీను చూసి ఏడ్చానని పోయిన ఉత్తరంలో రాశాను కదా. నేను ఏడవలేదు. అలాంటి సీనే లేదు. అందులో వాగు లేదు. రాణిగారికి పిల్లలు లేరు, కథంతా ఆ బాధ మీదే కదా నడుస్తోంది. ఆ సీను నేను కల్పించి రాశాను. 'ఆ సీను ఎక్కడుంది అమ్మీ, నీకు మతి పోయిందా' అని నువ్వు తిట్టాలని దువా చేస్తూనే రాశాను.

నువ్వేం రాశావు? 'అవునమ్మీ, ఆ రోజు నీళ్ళు చాలా చల్లగా ఉన్నాయి, బిడ్డ నా మెడ పట్టుకుని వదల్లేదు, అందరూ చప్పట్లు కొట్టారు' అని రాశావు. చదివి ముందు నవ్వాను. తర్వాత వంటింటి గచ్చు మీద కూలబడ్డాను. కన్నకొడుకు మాట నమ్మలేక వాడికే వల వేసినందుకు నాకు సిగ్గుగానే ఉంది. నువ్వు ఆ వేషం వెయ్యడమే కాదు, సీరియల్ చూడటం కూడా మానేశావని, కథ మారి ఉంటుందనుకుని నా మాటకు తలూపావని మాత్రం తెలిసింది. నీ వేషం ఇంకొకడు వేసుకుని తిరుగుతుంటే చూడలేకపోయి ఉంటావు.

అప్పుడు నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. కింద వాటా, మెట్లకు కమ్మీ, కుర్చీ లెట్రిన్, డేనియల్ పెద్దమ్మ. వేసవిలో నువ్వు పంపిన చీర ఇవ్వడానికి డేనియల్ మన ఇంటికి వచ్చినప్పుడు నేను వాడి వివరాలన్నీ అడిగాను. చర్చి హాస్టల్లో పెరిగానని, నా అన్నవాళ్ళు ఎవరూ లేరాంటీ అని చెప్పి, కూర మళ్ళీ వేయించుకుని తిన్నాడు. వాడికి ఇప్పుడు పెద్దమ్మ ఎక్కడినుంచి వచ్చింది బేటా? మెట్లు ఎక్కలేనిది నువ్వే. కాలికి తగిలిందో, నడుముకు తగిలిందో తెలియదు. నువ్వు పడ్డావో, నీ మీద ఏదైనా పడిందో తెలియదు. ఇంటికి రావాలని ఉండి, రావడానికి దారి వెతుకుతున్నావని, అడగడానికి నోరు రావడం లేదని మాత్రం తెలిసింది.

నోరు ఎందుకు రావడం లేదో కూడా తెలుసు. నువ్వు సంచి భుజాన వేసుకుని బయల్దేరిన రోజు మీ అబ్బా గుమ్మంలో నిలబడి అరిచిన మాట నేను మరిచిపోలేదు. "వేషాలేసేవాళ్ళ బతుకులు నేను చూళ్ళేదా? కాలో చెయ్యో విరగ్గొట్టుకుని వస్తావు. అట్టా వస్తే నా గుమ్మం ఎక్కనివ్వను," అన్నారు. తర్వాత ఆయన ఎన్ని బొమ్మలు అంటించుకున్నా, ఎన్ని బాణాలు గీయించుకున్నా నువ్వు ఆ మాటే పట్టుకుని కూర్చున్నావు. నువ్వు ఆయన కొడుకువే మరి, పట్టుదలలో ఇద్దరూ ఇద్దరే.

నిన్న ఆయనకు అంతా చెప్పాను. మొదట నా మీద లేచారు. "నీకు అనుమానం జబ్బు పట్టుకుంది. నీళ్ళు తాగితే అనుమానం, దగ్గితే అనుమానం," అన్నారు. నీ ఉత్తరం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. వాగు దాటిన సంగతి చదివి, మడిచి, షాపుకు వెళ్ళిపోయారు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు చంకలో ఒక పెద్ద మెత్త ఉంది. లారీ సీటుకు వేసే మంచి స్పాంజి పెట్టి, నడుముకూ కాళ్ళకూ ఆనేలా కుట్టుకొచ్చారు.

"రైల్లో తీసుకురావాలంటే కింద మెత్తగా ఉండొద్దా?" అన్నారు, నా మొహం చూడకుండా.

నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. అప్పటిదాకా రాలేదు.

పద్మావతమ్మగారితో కింద వాటా మాట్లాడేశాను. అందరం అక్కడికే దిగుతున్నాం. ఎవరికోసమని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. వేస్తే నువ్వు ఇంకో ఏరు దాటినట్టు జవాబు రాస్తావు. నేనే తెచ్చి డేనియల్ చేతికి ఇస్తాను. పాపం వాడిని కసరకు, ఈ కవరులో ఏముందో వాడికి తెలియదు. నీ ఎదుటికి వచ్చి అడిగితే నువ్వేదో ఒకటి చెప్తావు, నేను నమ్మేస్తాను. నాకు అది అలవాటే. అందుకే నువ్వు నోరు తెరవకముందే నాకు తెలిసిందంతా నీకు తెలియాలని కూర్చుని రాశాను.

నువ్వు ఇది చదువుతున్నప్పుడు నేను నీ గది బయట మెట్ల మీద ఉంటాను. మీ అబ్బా మెత్త పట్టుకుని కింద వీధిలో నిలబడతారు. నాతోపాటు పైకి రారట. "నేనన్న మాటకి నాకు నేనుగా వాడి గుమ్మం ఎట్టా ఎక్కను? వాడు పిలిస్తేనే వస్తా," అని ఇప్పుడే చెప్పారు. నువ్వు లేవకు. కిటికీ దాకా రావాలని చూడకు. నా సంగతి తర్వాత. మంచం మీద నుంచే ఒక్కసారి 'అబ్బా' అని గట్టిగా పిలువు, కింద ఆయనకు వినపడేలా.

ఇట్లు,
తలుపు అవతలే ఉన్న
మీ అమ్మీ