పడవకి కొత్త పొయ్యి

ఏమండీ, నేను డ్యూటీకి వెళ్తున్నాను. చారు వేడి చేసుకోండి. బాల్కనీలో పాత పొయ్యి వెతక్కండి, పాతసామాన్లవాడికి ఇచ్చేశాను.

పడవకి కొత్త గ్యాస్ పొయ్యి మీరే కొనాలి. సూక్ బజారులో మలయాళీ కొట్లో రెండు పక్కన పెట్టించాను. ఒకదానికి చుట్టూ కమ్మీ ఉంది, పడవ ఎంత ఊగినా గిన్నె జారదు. రెండోది పాతదానిలాగే నున్నగా మెరిసిపోతోంది.

పోయిన శుక్రవారం వక్రా తీరం దగ్గర పడవ షికారులో పులుసు గిన్నె జారి నా కాలు కాలితే, పొయ్యిదే తప్పన్నాను. మీరు మీ ఆఫీసు వాళ్ళందరి ముందూ "ఆడలేక మద్దెల ఓడు" అని నవ్వారు. ఈ శుక్రవారం పులుసు మీరే పెడుతున్నారని మీ మేనేజరుగారితో సహా అందరికీ ఫోన్ చేసి చెప్పాను.

కమ్మీ ఉన్నది కొంటే, తప్పు మద్దెలదేనని వాళ్ళందరి ముందూ ఒప్పుకోవాలి.

నున్నటిదే కొంటారా, బర్నాల్ ఫ్రిజ్ మీద ఉంది. నాకు రాయగా మిగిలింది.