పచ్చజెండా ఎప్పుడు చూపాలి

కడప, సోమవారం

నాయనకు మహిమ వందనాలు. రైల్వే గేటు డ్యూటీలో నువ్వు ఫోను ముట్టవు కాబట్టి కార్డు రాస్తున్నాను. కారు పందేల్లో నాకేమీ కాలేదని అమ్మకు చెప్పు. జెండాలు చూపేవాళ్లం మట్టికట్ట వెనకే నిలబడతాం. శనివారం మాత్రం పరువు పోయింది. రైలు పోయేటప్పుడు నువ్వు చూపినట్లే, నన్ను నిలబెట్టిన మలుపు దాటే ప్రతి కారుకూ పచ్చజెండా చూపాను. మాకు పైఅధికారి రామసుబ్బయ్య సారు పరుగెత్తుకొచ్చి, "ఏమ్మా, అందరికీ ఊపుతాండావు? ఈడ ప్రమాదం తీరిపోయినాకనే పచ్చ చూపాల!" అని అరిచాడు.

ఆదివారం నా ముందే ఒక కారు పల్టీ కొట్టింది. దుమ్ములో ఏమీ కనబడకపోయినా పసుపుజెండా ఊపుతూనే ఉన్నాను. వెనక కార్లన్నీ నెమ్మదించాయి. డ్రైవరు తనంతట తానే బయటికొచ్చి నాకు దండం పెట్టాడు. "ఇంత గట్టిగా నిలబడేది యాడ నేర్చుకుంటివమ్మా?" అన్నాడు సారు. డోన్ దగ్గర, మా నాయన గేటులో అన్నాను.

మేక ఈనిందా? అమ్మ కంట్లో చుక్కలు వేసుకుంటోందా? నీ పాత విజిల్ పంపు. వచ్చే నెల గేటు మూసి పట్టాల కింద దారి వేస్తే పని పోతుందని దిగులు పడొద్దు. తరువాతి పందేలకు ఇంకో మలుపులో మనిషి కావాలని సారు అంటే నీ పేరు రాయించాను. అమ్మకు వందనాలు. వచ్చినాక, నేను చెప్పిందాకా పచ్చజెండా మాత్రం తీయొద్దు.