గాలిబెట్టిన ఉల్లిపాయ

మామ్మా,

మొన్ననే నీ సంవత్సరీకం అయింది. నువ్వు రోట్లో నూరి వేసే ఉల్లిముద్ద లేక తాత కూరలు ముట్టడం మానేశాడు. పళ్లు లేని నోటికి ఉల్లిముక్కలు నలగవు. అమ్మ మిక్సీలో రుబ్బితే చేదంటాడు. ఏడాదిగా మజ్జిగన్నంతోనే చిక్కిపోయాడు.

ఊరికే చూస్తూ కూర్చోలేక, విజయనగరం నుంచి ఆహారం ఎండబెట్టే మిషను తెచ్చాను. నిన్న ముసురులోనే ఉల్లిపాయలు పల్చగా తరిగి దాని పళ్లేల్లో పరిచాను. ఘాటుకి తాత వసారాలోంచి కేకేశాడు.

"ఒసే, ఎండే నేదు కదా, ఎండబెట్టడవేటే?"

"వేడిగాలితో తాతా."

"అయితే గాలిబెట్టినానని సెప్పు."

ముక్కలు గలగలలాడేలా ఎండాక, చల్లార్చి పొడి కొట్టాను. ఈ మధ్యాహ్నం అమ్మ ఆ ఉల్లిపొడి వేసి వంకాయ కూర వండింది. తాత ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నేనూ అమ్మా అతని ముఖమే చూస్తున్నాం.

"మీ మామ్మ నూరినట్టు నేదు" అన్నాడు. కంచం మాత్రం పక్కకి నెట్టలేదు. ఇంకో ముద్ద కలుపుకుంటూ, నావైపు చూడకుండానే అన్నాడు.

"ఈ సంగతి దానికి సెప్పు. నానేటి తింటన్నానో అని బెంగెట్టుకుంటాది."

చెబుతున్నాను మామ్మా. తాత ఇవాళ కూర మళ్లీ అడిగి వేయించుకున్నాడు.