బాకాలు కూసిన మధ్యాహ్నం

బావా,

నువ్వు రేడియోకు చెవి ఆనించి వినేవాడివే, అలాంటి పెద్ద జాజ్ బ్యాండు ఇవాళ పట్నం నుంచి మన గోదావరిఖనికి వచ్చింది. "ఒక్కసారన్న ఎదురుంగ కూసోని వినాలె" అనేవాడివి.

మధ్యాహ్నం ఆఫీసర్ల క్లబ్బులో పదిమంది ఒక్కసారిగా బాకాలెత్తి ఒకే కూత సాగదీసి ఊదారు. షిఫ్టు మారే వేళ కాదు కదా, గనిలో ప్రమాదం సైరన్ అనుకుని కాలనీ ఆడవాళ్లందరం గేటుకు ఉరికాం. ఆ ఉరుకులో నువ్వు పోయావన్న సంగతే మరిచాను. గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే ఆయనకు నీ దీపం నంబరు చెప్పి అడిగాను.

"గా నంబరాయన మంచిగనే ఉన్నడమ్మా. పైకొచ్చి ఇంటికి పోయిండు" అన్నాడు.

నేను ఇంటివైపు పరుగెత్తాను. దారిలో పక్కింటి లచ్చక్క నా చెయ్యి పట్టి ఆపింది. సంగతి విని పకపకా నవ్వింది.

"నీ మొగడు సచ్చి ఏడాదాయె గదనే. గా నంబరు ఇప్పుడు మా ఆయనకిచ్చిండ్రు."

మేమంతా ఎందుకు ఉరికామో క్లబ్బులో దొరలకు తెలిసినట్టుంది. నవ్వుకోవడానికి ఆ కూతే మళ్లీ ఊదించారు.

బాగా ఊదారు, బావా. నువ్వుంటే చప్పట్లు కొట్టేవాడివి.