నా వీపును కూడా పరీక్షించమని మనవి

నాణ్యతా పరీక్షల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: చక్రాల కుర్చీలలో ఏది మేలో తేల్చునపుడు ధరకు కూడా మార్కులు వేయవలసినదిగా, లేనియెడల నా వీపును సైతం ఒక కుర్చీగా పరీక్షించవలసినదిగా మనవి.

1. నేను క్షురకుడను. సెలూను కింద, ఇల్లు పైన. నా భార్య మెట్ల మీద జారిపడినది. వెన్నుపూస దెబ్బతిని, నాటినుండి కాలు కదపలేకున్నది. ఆమెను మంచం నుండి స్నానాలగదికి, అక్కడినుండి కిటికీకి వీపున మోయుచున్నాను. పైనుండి పిలుపు రాగానే గడ్డం సగం గీసిన మనిషిని వదిలి పరుగెత్తుచున్నాను. మిగతా సగం పక్క సెలూనులో గీయించుకున్నవారు కలరు.

2. మా వీధి చివరి కొట్టులో ఒక చవక కుర్చీ ఉండెడిది. చక్రం కిర్రుమనును, దిండు గట్టిది, మడతపడదు. ఒప్పుకుంటాను. కానీ నా భార్య అందులో కూర్చుని, తన చేతులతో తానే తోసుకుంటూ కొట్టు గుమ్మం దాకా వెళ్లి వీధి చూసింది. "ఇది చాలు, ఇంకేం వద్దు" అంది.

3. డబ్బు కూడబెట్టుకుని, ఆమెను ఎత్తుకుని మళ్లీ వెళ్లేసరికి ఆ కుర్చీ లేదు. "మార్కులు తక్కువొచ్చినవి అమ్మకూడదని ఆర్డరొచ్చిందన్నా. ఫస్టు ర్యాంకుది ఉంది, చూపించనా?" అన్నాడు కొట్టతను. చూపించాడు. ధర విని నా భార్య "ఇంటికి పోదాం పద" అని నా చెవిలో అంది. వీపు మీదే ఉంది కనుక చెవి దగ్గరే.

4. తమ కార్యాలయమునకు వచ్చి విచారించగా గుమస్తా గారు సెలవిచ్చినది: "ధర కనబడితే మనసు అటూ ఇటూ అవుతుందయ్యా. అందుకే ధర చీటీల మీద నల్ల కాగితం అంటించి పరీక్షిస్తాం." న్యాయమే. మరి కొనేవాడి కళ్లకు ఆ నల్ల కాగితం ఎవరు అంటిస్తారండీ అని అడిగాను. ఆయన భోజనానికి లేచారు.

5. కావున ధరతో పని లేదన్నచో నా వీపును పరీక్షకు స్వీకరించగలరు. దిండు లేదు. బ్రేకులు లేవు. నడుము పట్టేసినపుడు మధ్యలో ఆగిపోవును. చెమట వాసన సంగతి నా భార్యను విచారించవచ్చును. మార్కులలో ఇది అన్నింటికన్నా అధమమని నాకు తెలుసు. తమరు మంచి కుర్చీకీ ఓ మాదిరి కుర్చీకీ పోటీ పెట్టారు. మా ఇంట్లో పోటీ కుర్చీ ఉండటానికీ లేకపోవడానికీ. ఆ ఓ మాదిరి దాన్ని తమరు తీసేయించాక మాకు మిగిలింది ఈ వీపొక్కటే.

కోపగించుకొనక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ప్రస్తుతానికి నిలబడగలుగుచున్న క్షురకుడు

తా.క.: ఈ అర్జీ వద్దంది మా ఆవిడ. ఈమధ్య పొద్దున తప్ప నీళ్లు ముట్టడం లేదు. తాగితే నేను స్నానాలగదికి మోయాల్సి వస్తుందని. తాగవే అంటే దాహం లేదంటుంది. పెదాలు పగిలిపోయాయి. సార్, మీ ర్యాంకులు మీరే ఉంచుకోండి. మా ఆవిడ భయపడకుండా గ్లాసు నిండా నీళ్లు తాగాలి. అంతే.