అయిదున్నర శ్రుతి

తెనాలి,
23 మే 2004, ఆదివారం.

ప్రియమైన నాన్నగారికి,

మీ శోభ ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాస్తున్నది. ఈ రోజు మొదటి ఆశ్చర్యం నేను ఇంకా పళ్లు తోముకుంటుండగానే జరిగింది. ఎవరో తలుపు కొడుతున్నారని వెళ్లి తీస్తే ఎదురుగా అమ్మ! ఒక చేతిలో బైబిలు సంచి, ఇంకో చేతిలో మామిడిపళ్ల బుట్ట. రేపల్లె నుంచి తొలి బండికి వచ్చేసింది. "ఏంటమ్మా, చెప్పాపెట్టకుండా?" అన్నాను. "నా మీద కథ రాసి నలుగురిలో చదవబోతూ నువ్వు నాకు చెప్పావా ఏంటి?" అని బుట్ట నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరు కూడా క్షేమమని తలుస్తాం. ఉత్తరమన్నాక ఈ రెండు మాటలూ ఉండాలి కాబట్టి రాశాను. అందరం క్షేమమే గాని, మీ పెద్దవాళ్లందరితో వేగలేక నా ఓపిక మాత్రం పూర్తిగా అయిపోయింది.

ముందు మీ ప్రశ్నలకు జవాబులు. పరీక్షలు బాగా రాశాను. రాజమ్మ అత్తయ్య మోకాలు నొప్పి తగ్గింది. మీరు అరకు నుంచి పంపిన నూనె వల్ల కాదట, ప్రార్థన వల్లనట. నూనె మాత్రం రోజూ రాసుకుంటోంది, ఇల్లంతా ఆ వాసనే. కథలో హీరోను కొంచెం పొడుగ్గా రాయమన్నారు, రాశాను. అమ్మ అక్కడికి రావడానికి సామాను సర్దడం మొదలుపెట్టిందా అని కూడా అడిగారు. దానికి జవాబు చివర రాస్తాను. ముందే చదవాలని కాగితం తిప్పకండి.

కథ గురించి చెప్పాలి. జనవరిలో మీరు హాస్టల్ వార్డెన్‌గా అరకు వెళ్లే రోజు, తెనాలి స్టేషన్‌లో బండి కోసం కూర్చున్నప్పుడు నాకు చెప్పారు చూడండి, మీరూ అమ్మా మొదట ఎలా కలిశారో, అదే నా కథ. ఆ రోజు నుంచి అది నా బుర్రలో తిరుగుతూనే ఉంది. పాఠం వింటుంటే అదే, అన్నం తింటుంటే అదే. తెనాలిలో సంఘాల మధ్య పాటల పోటీ. రేపల్లె బృందానికి హార్మోనియం మీరు. బాపట్ల బృందంలో ఒంటరిగా చరణం ఎత్తుకునే అమ్మాయి అమ్మ. బాపట్ల వాళ్ల హార్మోనియం ఆయనకు జ్వరం వస్తే వాళ్లు మిమ్మల్నే బతిమాలుకుంటారు. ఆ అమ్మాయి పాటకు ముందు వేడినీళ్లు అడగడం మీరు చూస్తారు. పాపం గొంతు బాగాలేదని గ్రహించి, ఎవరికీ చెప్పకుండా శ్రుతి తగ్గించి వాయిస్తారు. బాపట్ల గెలుస్తుంది. మీ రేపల్లె వాళ్లు మిమ్మల్ని ఏడాదిపాటు హార్మోనియం ముట్టుకోనివ్వరు. అయినా మీరు బాధపడరు. ఇంతకన్నా మంచి ప్రేమకథ ఎవరికి దొరుకుతుంది?

దొరికింది గాని, రాయనిస్తేగా! యువజన ఆదివారం నాడు గుడిలో చదవడానికి పాస్టరు అయ్యగారు ఒప్పుకున్నప్పటి నుంచి మొదలైంది. ప్రేమ అనే మాట వచ్చిన ప్రతి చోటా 'ప్రేమ, ఆప్యాయత' అని రాయమన్నారు అయ్యగారు. ఆప్యాయత మేనత్తల మీద ఉంటుందండీ అంటే నవ్వేసి, అయినా రాయమన్నారు. మీ స్నేహితుడు తోమాసు బాబాయి అయితే సైకిలు మీద ఇంటికే వచ్చాడు. "కథ బానే ఉందమ్మాయ్. గాని రేపల్లె ఓడిపోయిందని రాయటం అవసరమా? సమానంగా వచ్చాయని రాయి, ఎవరికేం నష్టం?" అన్నాడు. "జరిగింది అది కాదు కదా బాబాయ్!" అన్నాను. "జరిగింది నాకు తెలీదా? డోలక్కు వాయించింది నేనే! మీ నాన్న చేసిన పనికి నేను ఇప్పటికీ రేపల్లెలో తలెత్తుకోలేకపోతున్నా. అందుకే తెనాలి వచ్చి స్థిరపడ్డా," అన్నాడు. అత్తయ్య వంటింట్లోంచి, "నీకు ఇక్కడ ఉద్యోగం వచ్చి స్థిరపడ్డావు గాని, డోలక్కు మీద నెట్టకు," అంది. నాకు మాత్రం ఒక పేజీ రాయడానికి మూడు సాయంత్రాలు పట్టేది. ఎందుకంటే రాసిన ప్రతి మాట మీద ఎవరో ఒకరు చెయ్యి పెడుతూనే ఉన్నారు.

ఎన్ని మార్చినా ఒక్క వాక్యం జోలికి మాత్రం ఎవరినీ రానివ్వలేదు. 'ఆమె గొంతులోని బొంగురు అతని వేళ్లకు తెలిసింది. అడగకుండానే శ్రుతి దించాడు.' ఆ 'అడగకుండానే' అనే మాట కోసం ఎంత వెతికానో మీకు తెలియదు. అది దొరికిన రోజు నాకు అన్నం సహించలేదు. ప్రేమంటే అదే కదా, అడగకుండానే తెలుసుకోవడం! అలా అనుకున్నాను.

ఇక ఈ రోజు సంగతి. ఆరాధన అయ్యాక అయ్యగారు నన్ను పిలిచారు. ఆడవాళ్ల వైపు మొదటి చాప మీద అమ్మ, అత్తయ్య కూర్చున్నారు. రేపల్లె పేరు వచ్చినప్పుడు మగవాళ్ల వైపు తోమాసు బాబాయి గట్టిగా దగ్గాడు. హార్మోనియం ఆయనకు జ్వరం వచ్చిన చోట జనం నవ్వారు. వేడినీళ్ల గ్లాసు దగ్గర మగవాళ్లు కూడా ముందుకు వంగారు. నాన్నగారూ, అందరూ ఊపిరి బిగబట్టి నా మాటల కోసం చూస్తున్నారు. నాకు అలాంటిది జీవితంలో మొదటిసారి. అప్పుడు నా వాక్యం చదివాను. 'అడగకుండానే శ్రుతి దించాడు.'

అమ్మ లేచి నిలబడింది.

"అయ్యగారూ, మన్నించండి. నాకు జలుబు చేయలేదండి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరువాత వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, గుడి మొత్తం నవ్వు. నేను కాగితాలు పట్టుకుని నిలబడిపోయాను. నేల బద్దలై నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

"అమ్మా, కూర్చో," అన్నాను పళ్ల బిగువున.

"కూర్చుంటాలే. వేడినీళ్లు నా పక్కనున్న పిల్లకి అడిగా. నాకు జలుబూ లేదు, గిలుబూ లేదు. గొంతు గంటలాగుంది ఆ రోజు. ఇంటి దగ్గర అయిదున్నర శ్రుతిలో పాడి పాడి సాధించుకొచ్చా. ఈయన నాలుగుకు దించి కూర్చున్నాడు. పాటంతా గేదె గొంతుతో పాడాల్సొచ్చింది నాకు."

తోమాసు బాబాయి లేచాడు. "అయినా మీరే గెలిచారు కదా చెల్లెమ్మా!"

"గెలిచాం అన్నయ్యగారూ. ఆ కింది శ్రుతిలో నా గొంతు కొత్తగా ఉందని మెచ్చుకున్నారు కూడా. ఆయన ఇరవై ఏళ్ల నుంచి అదే అంటున్నాడు, గెలిచావు కదా అని. గెలిచా. కాదన్లా. నన్ను అడగలేదు, అంతే."

అని కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. అయ్యగారు తొందరగా ముగింపు ప్రార్థన చేసేశారు. నా కథలో ఇంకా రెండు పేజీలు మిగిలిపోయాయి. వాటిని మడిచి బైబిల్లో పెట్టుకుని బయటికి వచ్చాను.

ఇంటికి వచ్చే దారంతా అమ్మకు పది అడుగులు ముందే నడిచాను. అన్నం దగ్గర కూడా గోడ వైపు తిరిగి కూర్చున్నాను. అత్తయ్య మా ఇద్దరికీ కూర వడ్డిస్తూ, "మా తమ్ముడు ఎక్కడో కొండల మీద హాయిగా ఉన్నాడు, మధ్యలో నాకు ఈ శిక్ష," అంది. చివరికి నేనే ఉండబట్టలేక అడిగాను.

"అయితే ఎందుకు దించాడమ్మా నాన్న?"

"ఎందుకేంటి? ఆయనకి హార్మోనియం నల్లమెట్ల మీద వాయించటం రాదు. తెల్లమెట్టు మీద నుంచి ఎత్తుకుంటేనే వేళ్లు ఆడేవి. అయిదున్నర అంటే నల్లమెట్టు. భయపడి దించేశాడు."

అత్తయ్య తల ఊపింది. "నిజమే. మా వాడికి ఇప్పటికీ అంత బాగా రావు."

"మరి నీకు ఆ రోజే తెలుసా?"

"తెలీకేం? పాట అవగానే తిడదామని వెళ్లా. రేపల్లె వాళ్లందరూ ఆయన చుట్టూ చేరి అప్పటికే తిడుతున్నారు. నేను వెళ్లి, ఏంటండీ మీరు చేసింది అన్నా. తల దించుకుని, 'నాకు నల్లమెట్లు రావండి, ఎవరికీ చెప్పకండి' అన్నాడు. అంతమందిలో నాకొక్కదానికే నిజం చెప్పాడు." అమ్మ మజ్జిగ పోసుకుంటూ అంది. "అందుకే చేసుకున్నా. నీ కథలోలాగా నా మీద జాలిపడి దించితే, ఈ జన్మలో చేసుకునేదాన్ని కాదు."

నాన్నగారూ, నాకు కోపం వచ్చింది. మీ మీద, అమ్మ మీద, నా మీద. ఇంత మంచి కథ ఇంట్లో పెట్టుకుని, ఇన్నాళ్లూ దానికన్నా తక్కువ కథ నాకు చెప్పారే! వేడినీళ్ల గ్లాసు దేనికి? మీరు తల దించుకుని చెప్పిన ఆ ఒక్క మాట ముందు నా పేజీలన్నీ ఎందుకు పనికొస్తాయి? అమ్మ ఇక్కడే, రేపల్లెలో, గంట ప్రయాణంలో ఉంది. ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేది. నేను కూడా అడగలేదు. మీ దగ్గర నేర్చుకున్న అలవాటే ఇది.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న. అమ్మ సామాను సర్దడం మొదలుపెట్టలేదు. ఒక్క గిన్నె కూడా కదపలేదు. నెల రోజులుగా నాకు తెలుసు, మీకు రాయలేదు. 'కొంచెం కొంచెంగా సర్దుతోంది' అని పోయిన ఉత్తరంలో రాసింది అబద్ధం. మీరు బాధపడతారని అలా రాశాను. టీచరు ఉద్యోగం నుంచి స్వచ్ఛంద విరమణకు అర్జీ కూడా పెట్టలేదు. మీరు నింపి పంపిన కాగితం మీద సంతకం చేయలేదు. జూన్‌లో బడి తెరిస్తే అమ్మ రేపల్లెలో తన ఒకటో తరగతి పిల్లల ముందే ఉంటుంది. రేపల్లె ఇల్లు ఈ నెలాఖరుకు ఖాళీ చేస్తామని ఇంటి యజమాని దశరథరామయ్యగారికి మీరు నేరుగా ఉత్తరం రాసేశారు. ఆయన వచ్చి చెబితేగాని అమ్మకు తెలియలేదు. ఆ రోజు అమ్మ నాకు బూత్ నుంచి ఫోన్ చేసింది. "తిన్నావా?" అని అడిగి పెట్టేసింది.

ఈ మధ్యాహ్నం అడిగాను, "నాన్న దగ్గరికి ఎప్పటికీ వెళ్లవా?" అని. "వెళ్లనని ఎవరన్నారు? పిల్లలతో అరిచి అరిచి నా గొంతు పాడవుతోందట, విశ్రాంతి కావాలట, అక్కడ గాలి మంచిదట. అన్నీ ఆయనే తేల్చేశాడు. నా గొంతుకేమైంది? ఇప్పటికీ అయిదున్నరలో పాడతా," అంది. అని పాడింది కూడా, గిన్నెలు తోముతూ. పక్కింటివాళ్లు కిటికీ తీశారు. చరణం పైకి వెళ్లిన చోట కూడా గొంతు ఎక్కడా బీటలు వారలేదు. అత్తయ్య చీపురు పట్టుకుని అలాగే నిలబడి విన్నది.

నాన్నగారూ, నేను మీ ఇద్దరికన్నా చిన్నదాన్ని, నాకు చెప్పే హక్కు లేదు. అయినా విసుగెత్తి చెబుతున్నాను. మీ ఉత్తరాలన్నీ నేను చదివాను. 'ఇక్కడ చలి' అని రాస్తారు. 'హాస్టల్ కూడు సరిపడడం లేదు' అని రాస్తారు. 'ఆదివారం సాయంత్రాలు పిల్లలు ఆటలకు పోతే భవనమంతా ఖాళీ' అని ఒకసారి రాసి కొట్టేశారు. కొట్టివేత కింద కనబడింది. అమ్మకు రాసే ఉత్తరాల్లో మాత్రం ఇవేవీ ఉండవట. గొంతు, గాలి, ఆరోగ్యం, ఇవే ఉంటాయట. ఆమె గొంతు కోసమని రాయకండి. మీరు ఒంటరిగా ఉండలేకపోతున్నారని రాయండి. రావడం కుదురుతుందా, ఎప్పుడు కుదురుతుంది, సెలవులకైతే వస్తావా అని అడగండి. ఏం జవాబు వస్తుందో నాకు తెలియదు. రానని కూడా అనవచ్చు. అడిగి చూడండి.

ఇంకొకటి. ఈ ఉత్తరం సంగతి అమ్మ ఎరుగదు. ఇప్పుడు వరండాలో అమ్మా అత్తయ్యా మామిడిపళ్లు తింటూ, మీ గురించే ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. కోపం ఉన్నా మీ ముచ్చట లేకుండా వాళ్లకు పొద్దు గడవదు.

రేపు ఉదయం తొలి బండికి ఇద్దరం రేపల్లె వెళుతున్నాం. స్టేషన్‌కు వెళ్లే ముందు ఈ కవరు డబ్బాలో వేస్తాను. ఇల్లు చూసుకోవడానికి కొత్తవాళ్లను తీసుకుని దశరథరామయ్యగారు పది గంటలకు వస్తారట. ఖాళీ చేయడం లేదని అమ్మే ఆయనకు చెబుతుంది. అమ్మ చెప్పే మాట అమ్మనే చెప్పనిచ్చి, నేను పక్కన నిలబడతాను.

ఇట్లు,
మీ ఇద్దరి మధ్య ఉత్తరాలు మోసి మోసి అలసిన
మీ కుమార్తె,
శోభారాణి