తాళం పడిన నిచ్చెన, మూడు డేగ గుడ్లు

వన్యప్రాణి రక్షణాధికారి గారి సముఖమునకు, కొండ నడుమ రాతి అరుగు మీది విడిది గది కాపలాదారు, అందరూ తాళ్ల తాత అని పిలిచే మనిషి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: డేగలు గూడు పెట్టుకున్నందున కొండ ఎక్కుట నిషేధించి ఇనుప నిచ్చెనకు తాళం వేయుట, ఆ తాళానికి పైన నేను మిగిలిపోవుట, నా భార్య కంటి ఆపరేషను ఈ నెల పద్దెనిమిదో తేదీన ఉండుట గురించి.

తమరికి నా మీద రెండు కాగితాలు వ్రాసే తీరిక దొరికింది కనుక నా ఒక్క కాగితం చదివే తీరిక కూడా దొరుకుతుందని తలచి వ్రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. కొండ ఎక్కేవాళ్ల సంఘం వారు మునుపు నీళ్ల గొట్టం కోసం పెట్టిన అర్జీ నకలు ఒకటి గది గోడకు ఉంది. పైమాటలు దానిలోవి. లోపలి మాటలు నావి.

1. నేను ఈ గదికి ముప్ఫై ఒక్క ఏళ్లుగా కాపలా ఉన్నాను. కొండ ఎక్కేవాళ్లు ఇక్కడ ఆగి టీ తాగి, తమ తాళ్లు నా చేతికి ఇస్తారు. ఒక్కొక్క తాడునూ మూర మూరకూ వేళ్ల మధ్య నలిపి చూస్తాను. లోపలి నార తెగి మెత్తబడిన చోట కత్తితో కోసేస్తాను, అది ఎంత పెద్దమనిషి తాడైనా సరే. ఈ కారణాన నన్ను తిట్టినవాళ్లు చాలామంది. పడి చచ్చినవాడు ఒక్కడూ లేడు. సంఘం రిజిస్టరులో చూసుకొనవచ్చును.

2. కింది నుంచి ఈ అరుగుకు ఎక్కే నిచ్చెనకు అరవై మెట్లు. పై నుంచి పదిహేనో మెట్టుకు రెండు బారల దూరంలో, రాతి సందులో, డేగల జంట పన్నెండేళ్ల క్రితం మొదటిసారి గుడ్లు పెట్టింది. ఆ సంగతి తమ కార్యాలయానికి చెప్పింది నేను. గుడ్ల కాలంలో మనుషులు ఎక్కరాదన్న బోర్డును భుజాన మోసుకుపోయి పాతింది నేను. ఆ కాలంలో తమ ముందటి అధికారి గారి బావమరిది తాడు పట్టుకుని వస్తే, వచ్చిన దారినే పంపింది కూడా నేనే. అప్పుడు ఆయన నన్ను అన్న మాట ఈ కాగితం మీద వ్రాయదగినది కాదు.

ఏటా తాళం పడే తేదీకి వారం ముందే నేనూ మా ఇంటావిడా సామాను కట్టుకుని కింద మా అమ్మాయి ఇంటికి దిగిపోతాము. ఈసారి ఆడడేగ ఇరవై రోజులు ముందే వచ్చి సందులో రాళ్లపొడిని కాలితో గీరి గుంట చేసుకోవడం చూశాను. వెంటనే కింద తమ కాపలావాడికి ఫోను చేసి, ఆలస్యం చేయకండి, మూసేయండి అన్నాను. తమరు మెచ్చుకోదగినంత త్వరగా పని చేశారు. సాయంత్రానికే తాళం పడింది. మూసేయమంటే నన్ను పైన పెట్టి మూస్తారని నాకు తోచలేదు. పైన ఎవరైనా ఉన్నారా అని అడగాలని వాళ్లకూ తోచలేదు.

మర్నాడు కాపలావాడిని అడిగితే తాళంచెవి కార్యాలయానికి పోయిందన్నాడు. కార్యాలయం వారు లిఖితపూర్వకంగా అడగమన్నారు. అడిగాను. జవాబు వచ్చేలోగా డేగ మూడు గుడ్లు పెట్టింది. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు గదా.

3. ఈ నెల అయిదున తమ జవాబు వచ్చింది. ఒకటి కాదు, రెండు కాగితాలు. మొదటి దానిలో, నిషిద్ధ ప్రాంతమున అక్రమముగా నివసిస్తున్నందున మూడు రోజులలో ఖాళీ చేయవలెను, లేనిచో చర్య అని ఉంది. రెండో దానిలో, పిల్లలు ఎగిరిపోవు వరకు నిచ్చెన మీద కాలు మోపిన వారిపై చర్య అని ఉంది. రెండింటి మీదా తమ సంతకమే. తేదీ కూడా ఒకటే. రెండూ ఒకే బకెట్లో పైకి వచ్చాయి. ఉంటే ఒక నేరం, దిగితే ఒక నేరం. నన్ను ఏ నేరం చేయమని తమ ఆజ్ఞయో తెలియజేయగలరు.

4. వేరే దారి చూసుకోవచ్చు గదా అని తమ గుమాస్తా గారు ఫోనులో అన్నారు. ఆయన కుర్చీలోంచి కొండ ఎలా కనబడుతుందో నాకు తెలియదు. ఇక్కడి నుంచి శిఖరానికి పోయే దారి గూటి నెత్తి మీదుగా పోతుంది. వెనక వైపు రాయి కడుపు ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది. అక్కడ ఉన్నది కప్పీ మీద నడిచే బకెట్ తాడు ఒక్కటే. సరుకులూ, తమ నోటీసులూ దాని మీదే వస్తాయి. ఆ తాడు పదిహేను కిలోలు మోస్తుంది. నేను చిక్కిపోయిన మాట నిజమే గాని అంత చిక్కలేదు.

అరుగు పొడవు ఇరవై రెండు అడుగులు. అటు నడిస్తే అంచు, ఇటు నడిస్తే గోడ. ఇరవై ఆరు రోజులుగా ఇదే నా లోకం. చప్పుడైతే పక్షి బెదురుతుందని తలుపు రెండు చేతులతో పట్టుకుని మూస్తున్నాను. దగ్గు వస్తే తలగడలో మొహం పెట్టి దగ్గుతున్నాను.

5. మా ఇంటావిడకు మూడేళ్లుగా రెండు కళ్లలోనూ శుక్లాలు. మనిషిని గొంతు పట్టి పోల్చుకుంటుంది. టీ గ్లాసును తడిమి పట్టుకుంటుంది. శుక్లం ముదిరిపోయింది, ఇంకా ఆగితే కన్నే పోతుందని డాక్టరు గారు చెప్పారు. అందుకని తాళం పడడానికి పది రోజుల ముందే ఆమెను మా అమ్మాయి వచ్చి దించుకుపోయింది. ఆపరేషను బల్ల ఎక్కాలంటే నేను పక్కన ఉండాలని ఆమె షరతు. నేను సరేనన్నాను. మొదటి తేదీ ఈ నెల రెండు. నేను రాలేదని ఆసుపత్రి గుమ్మం నుంచి వెనక్కి తిరిగింది. రెండో తేదీ పద్దెనిమిది. అది కూడా దాటితే తన పూచీ లేదని డాక్టరు గారు అమ్మాయితో అన్నారు.

ఆమె నన్ను నమ్మడం లేదు. తప్పు నాదే. అమ్మాయి పుట్టినప్పుడూ, ఈమె చెయ్యి విరిగినప్పుడూ తాళ్ల పని ఉందని పైనే ఉండిపోయినవాడిని. పని ఉన్న మాట నిజం. ఆసుపత్రి వాసనంటే నాకు భయమన్న మాట కూడా నిజం. అది ఆమెకు తెలుసు. ఫోనులో ఆమె అన్నది ఉన్నదున్నట్టు వ్రాస్తున్నాను.

"ముప్ఫై ఏళ్లు నేను దిగమంటే దిగలేదు. ఇప్పుడు పిట్ట దిగొద్దంటే ఆగిపోయావా. మాట వినడం నేర్చుకున్నావు, సంతోషం."

తమ నోటీసులు రెండూ అమ్మాయికి చదివి వినిపించాను. అమ్మాయి తల్లికి చెప్పింది. మీ నాన్నే అడిగి రాయించుకుని ఉంటాడు అన్నదట.

6. ఇది వ్రాయకూడదనుకున్నాను. ఈ నెల ఒకటో తేదీ పొద్దున నేను నిచ్చెన దిగాను. నిచ్చెన కింద తాళం వేసిన గేటును ఎక్కి దూకుదామనుకున్నాను. తొమ్మిదో మెట్టు మీద కాలు పెట్టేసరికి ఆడడేగ లేచింది. అరుస్తూ రెండుసార్లు నా చెవి పక్క నుంచి పోయింది. ఆ రోజు గాలి చలిగా ఉంది. మూడు గుడ్లూ నాకు కనబడుతూనే ఉన్నాయి, ఇటుక రంగువి, మచ్చలు పడ్డవి. ఇంకా యాభై ఒక్క మెట్లు ఉన్నాయి. నా మోకాళ్లకు అది గంట పని. గంట సేపు అది గుడ్ల మీదికి రాదు.

నేను తిరిగి ఎక్కాను. అంచున బోర్లా పడుకుని చూశాను. అది చాలాసేపు రాలేదు. వచ్చి, ముక్కుతో గుడ్లను దగ్గరకు దొర్లించుకుని పొట్ట కింద పెట్టుకుంది. మర్నాడు మా ఇంటావిడ ఆసుపత్రి గుమ్మం నుంచి వెనక్కి పోయింది.

దీనికి తమరు ఏ చర్య తీసుకున్నా సరే. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు. నీ కళ్ల కోసం దిగి, పిట్టను చూసి తిరిగి ఎక్కానని ఏ మొహంతో చెప్పేది.

7. కావున కోరునది ఏమనగా:

అ) రెండు నోటీసులలో ఏదో ఒకటి రద్దు చేయాలి. ఏది అన్నది తమ దయ.

ఆ) గుడ్లకు చలి తగలకుండా, పద్దెనిమిదిలోగా నన్ను కిందకు చేర్చే ఉపాయం తమ కార్యాలయంలో చదువుకున్నవారు ఎవరైనా ఆలోచించాలి. ముప్ఫై ఒక్క ఏళ్లు తాళ్లతో బతికిన నాకు తోచలేదు.

ఇ) అది కుదరనిచో, ఈయన కావాలని ఆగలేదు, తాళం మేమే వేశాము అని ముద్ర ఉన్న కాగితం మీద వ్రాసి మా ఇంటావిడకు చదివి వినిపించాలి. నా మాట నమ్మదు గాని ముద్రను నమ్ముతుంది.

నేను ఎవరినీ ఏదీ అడిగి ఎరగను. ఇది ఎలా వ్రాశానో నాకే తెలుసు. పై సంగతులు చిత్తగించవలెను. చిత్తగించిన పిదప ఫైలులో పెట్టి ముడి వేయరాదు. ముళ్ల సంగతి నాకు తెలుసు.

నకలులో ఉన్నది కనుక నేనూ వ్రాస్తున్నాను,
తమ విధేయుడు,
తాళ్ల తాత
(వేలిముద్ర కాదు, సంతకమే)

తా.క. ఈ అర్జీ ఆదివారం వ్రాశాను. బకెట్ దిగేది మంగళవారం. మధ్యలో సోమవారం పొద్దున మా ఇంటావిడకు ఫోను చేసి తొమ్మిది మెట్ల సంగతి చెప్పాను. తమరికి వ్రాసి ఆమెకు దాచడం బాగాలేదనిపించింది. అంతా విన్నది.

"ఎన్ని గుడ్లు?" అన్నది.

మూడన్నాను.

"అది మళ్లీ వచ్చి కూర్చుందా?"

కూర్చుందన్నాను.

"అయితే నువ్వూ కదలకుండా కూర్చో. నేను వెళ్లి చేయించుకుంటాను. నిన్ను తిట్టడం మాత్రం మాననని గుర్తు పెట్టుకో."

కనుక పైన ఆ, ఇ కొట్టివేయవలెను. అ మాత్రం ఉంచండి, అది న్యాయం. వాటికి బదులు ఒకటి అడుగుతున్నాను. కట్టు విప్పి చూపు కుదిరాక అమ్మాయి ఆమెను బోర్డు దాకా తీసుకువస్తుంది. బోర్డు దాటరు. తమ కాపలావాడి దగ్గర డేగను చూసే దుర్భిణి ఉంది. దాన్ని అయిదు నిమిషాలు ఆమె చేతికి ఇప్పించాలి. గూడు లేని కొసన నేను నిలబడతాను, చప్పుడు చేయను. మూడేళ్లయింది నీ మొహం చూసి, ఎంత ముసలాడివయ్యావో చూస్తాను అన్నది.

ఆ లోపల ఏదో ఒక మంగళవారం బకెట్లో ఒక బ్లేడు పెట్టించగలరు. గడ్డం ఉంటే ఆమెకు గిట్టదు.